గులాబీ రంగు పూసిన టేకు చిలకలు

సూరత్‌లో ఇల్లు అద్దెకు అడగడానికి వెళితే ఎక్కడివాళ్ళు, ఎంతమంది, ఏం తింటారు అని అడిగేవాళ్ళు. ఆ ఇంటావిడ మాత్రం మెట్ల దగ్గరే మమ్మల్ని ఆపి, "గోడలకు మేకులు కొడతారా?" అని అడిగింది.

నేను మా బావ వైపు చూశాను. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా పిలుపు మారలేదు. తొంభైల నడుమ మాట ఇది. అప్పటిదాకా మేము మరమగ్గాల షెడ్డు వెనక ఒక్క గదిలో ఉండేవాళ్ళం. అల్మారా లేదు. బట్టలు, సంచులు, గొడుగు, దేవుడి పటం, ఉల్లిగడ్డల బుట్ట అన్నీ మేకుల మీదే బతికేవి. అలాంటి గదిలోంచి వచ్చిన మనిషి కళ్ళయినా ఆర్పకుండా, "మేకులా? మా వంశంలోనే ఎవరూ కొట్టలేదు" అని హిందీలో చెప్పాడు. ఆవిడ తాళంచెవి ఇచ్చింది.

ఆవిడ గుజరాతీలో మాట్లాడేది. నేను వచ్చీరాని హిందీలో జవాబిచ్చేదాన్ని. ఇక్కడ రెండూ తెలుగులోనే రాస్తున్నాను. నేను ఆవిడను మాసీ అని పిలిచేదాన్ని, అంటే పిన్ని. యాభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. కింది గదిలో చిన్న మోటారు పెట్టుకుని, జరీ దారాన్ని కండెలకు చుట్టే పని తనే నడుపుకునేది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మోటారు తేనెటీగలా జుమ్మని మోగుతూనే ఉండేది. అది ఆగిందంటే ఆవిడ కుర్చీలోంచి లేచినట్టు లెక్క. ఈ సంగతి నాకు తర్వాత బాగా పనికొచ్చింది.

మా వాటా మేడ మీద. ఎదురింటివాళ్ళు అన్నం కలుపుకుంటుంటే మనకు కనిపించేంత ఇరుకు వీధి. తాడు పట్టుకుని ఎక్కే నిటారు చెక్కమెట్లు. రెండు గదులు. నేలంతా పూల డిజైను టైల్స్. ముందు గది నేల మధ్యలో, కింది గదికి వెలుతురు పోవడానికని పీట పట్టేంత ఇనుప జాలీ బిగించి ఉంది. పైన దూలాల కింద, వాటిని మోస్తున్నట్టు ఎనిమిది చెక్కడపు కొయ్యలు. అవి టేకువని, ఒక్కోదాని మీద ఒక చిలక ఉందని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం మసి, దుమ్ము, వంటింటి జిడ్డు కలిసి గడ్డకట్టి ఉన్నాయి. మా బావ వాటిని గబ్బిలాలనుకున్నాడు.

"మంచిగనే ఉన్నదే," అన్నాడు గది అంతా తిరిగి.

"ఏం మంచిగ? పట్టపగలు కరెంటు బుగ్గ ఏసుకోవాలె."

"చీకటుంటే సల్లగుంటది."

గోడలు కింద సగం మట్టి రంగు, పైన సగం పొగ రంగు. వీధి వైపు మూడు తలుపులు, ఒక్కో తలుపు పైన సగం చక్రం ఆకారంలో కిటికీ. ఆ కిటికీల అద్దాలు నల్లగా ఉండేవి. నలుపంటే మామూలు నలుపు కాదు, తారు డబ్బా బోర్లించినట్టు.

వారం తిరగకముందే ఆ నలుపుతో నాకు పోరు మొదలైంది. ఒక మధ్యాహ్నం ట్రంకు పెట్టె మీద స్టూలు వేసుకుని ఎక్కి, అన్నం చెంచా అంచుతో ఒక మూల గీకాను. గోరంత నలుపు పెచ్చుగా లేచింది. ఆ గోరంత సందులోంచి ఆకుపచ్చ వెలుగు సూటిగా వచ్చి నా మోచేతి మీద పడింది. నేను స్టూలు మీదే నిలబడిపోయాను. అది మామూలు గాజు కాదు, రంగుల గాజు.

ఏమీ మార్చకూడదని మాసీ ముందే చెప్పింది. కానీ గీకడం మార్చడం కిందికి వస్తుందా? నాలో నేనే వాదించుకుని నేనే గెలిచాను. రోజూ మధ్యాహ్నం కింద మోటారు మోగుతున్నంతసేపు గీకేదాన్ని. మోటారు ఆగగానే దిగి బియ్యం చేట పట్టుకుని కూర్చునేదాన్ని. గీకిన భాగం కనిపించకుండా పాత గొడుగు నల్లగుడ్డ చించి, గంజితో అంటించేదాన్ని. మొదటి వారంలో ఆకుపచ్చ ఆకు ఒకటి, రెండో వారంలో రెండు నీలం రేకులు, ఆ తర్వాత దానిమ్మగింజ ఎరుపు బయటపడ్డాయి. మా బావకు కూడా చెప్పలేదు. ఆయన ఊరి బయట కడోదరా వైపు, బట్టలకు రంగులు వేసే డైయింగ్ మిల్లులో కలర్ మాస్టర్. పొద్దంతా రంగులు చూసి వచ్చే మనిషికి ఇంట్లో రంగు దాచిపెట్టడం నాకు భలే సరదాగా ఉండేది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు మూడు గంటలప్పుడు, నేను స్టూలు మీద ఉండగానే గంజి ఎండి గొడుగు గుడ్డ ఊడి పడింది. పడమటి ఎండ ఎర్రగాజులోంచి గదిలోకి దూకి, నేల మీది జాలీలోంచి తిన్నగా కిందికి దిగింది.

కింద మాసీ అప్పుడు వెండి జరీ చుడుతోంది. చేతిలోని తెల్లటి దారం ఉన్నట్టుండి రక్తం రంగులోకి మారింది. మోటారు ఆగింది. మెట్ల తాడు కిర్రుమంది. నేను దిగేలోపే మాసీ తలుపులో నిలబడి ఉంది, ఒక చేత్తో కండె పట్టుకుని. నా చేతిలో చెంచా ఉంది.

"ఏం చేస్తున్నావు?"

"దుమ్ము దులుపుతున్నా మాసీ."

"చెంచాతోనా?"

చెంచా వీపు వెనక దాచాను. ఆవిడ నన్ను తిట్టలేదు. కిటికీ కింద నిలబడి తలెత్తి చాలాసేపు చూసింది. కండె ఎత్తి ఎరుపులో పెట్టింది, నీలంలో పెట్టింది, మళ్ళీ ఎరుపులో పెట్టింది.

"ఆ నీలం పక్కనే పసుపు ఉండాలి," అంది చివరికి. "ముందు అది తియ్యి. చెంచాతో గాజు గీతలు పడుతుంది. కిరోసిన్ గుడ్డతో నానబెట్టు."

పాకిస్తాన్‌తో డెబ్బై ఒకటి యుద్ధం రోజుల్లో, విమానాల భయంతో, రాత్రిళ్ళు వెలుగు బయటికి కనిపించకూడదన్నారట. వీధిలో అందరూ అద్దాలకు నలుపు పూశారు. యుద్ధం అయిపోయాక తీద్దామనుకున్నారు. ఇవాళ కాదు రేపు అంటూ ఇరవై ఏళ్ళ పైన గడిపేశారు. చీకటి అలవాటైపోయింది. ఇదంతా ఆవిడ చెబుతూనే పమిట నడుముకు దోపుకుని, కింది వరుస అద్దాలు తనే తుడవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం మా బావ మిల్లు నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. నేల మీద నాలుగు రంగులు పరుచుకుని ఉన్నాయి. చెప్పులు విప్పి, వాటిని తొక్కకుండా గోడవారగా నడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు గా రంగు గిట్ల లేదు, గట్ల లేదంటవు."

"ఎరుపు జర ఎక్కువైంది," అన్నాడు.

ఆ తర్వాత గోడల సంగతికొచ్చాం. మాసీ ఒకటే షరతు పెట్టింది: గోడలకు ఏ రంగైనా వేసుకోండి, కర్రకు మాత్రం బ్రష్ తగలకూడదు. మా బావ సెలవురోజు సున్నంలో పసుపు రంగు కలిపాడు. తడి మీద బ్రహ్మాండంగా ఉంది. ఆరాక అచ్చం ముద్దపప్పులా తయారైంది. మాసీ పైకొచ్చి, "వంట గోడ మీద ఒంపేశావా?" అంది. రెండోసారి కొంచెం కాషాయం కలిపాడు. ఈసారి రంగు కుదిరింది, మావిడిపండు చెక్కు రంగు. కానీ జిగురు తక్కువై గోడకు ఆనితే అంటుకునేది. మా ఇంటికి ఎవరెవరు వచ్చిపోయారో వీపులు చూసి వీధంతా చెప్పేసేది. ఒక పెద్దాయన, మా వైపు బంధువే, ఎవరిదో పెళ్ళి సంబంధం మాట్లాడటానికి పోతూ తెల్లచొక్కాతో మా ఇంట్లో ఆగి, తీరిగ్గా గోడకు ఆనుకుని కూర్చుని, సగం పచ్చగా వెళ్ళిపోయాడు. నేను చూశాను. చెబుదామనుకున్నాను. నోరు రాలేదు, నవ్వు వస్తోంది.

మూడో పూతతో గోడలు నిలబడ్డాయి. అప్పుడు గబ్బిలాల పని పట్టాం. మాసీ, నేను కుంకుడు రసంలో పాత టూత్‌బ్రష్‌లు ముంచి ఒక్కో కొయ్యనూ మూడేసి రోజులు తోమాం. మొదట ముక్కు, తర్వాత కన్ను, తర్వాత ఈక వెనక ఈక తేలాయి. ఎనిమిది చిలకలు. ఒక్కోదాని నోట్లో ఒక్కో పండు. ఏ రెండింటికీ ఒకే పండు లేదు. పల్లీనూనె రాసి గుడ్డతో రుద్దితే టేకు తేనెలా మెరిసింది.

అదే మా కొంప ముంచింది.

మాసీకి ఒక మరిది ఉన్నాడు. ఇంట్లో సగం వాటా అతనిది. నది అవతల కొత్త బిల్డింగులో ఫ్లాట్ కొనుక్కుని ఉండేవాడు. ముప్పై అయిదు దాటి ఉంటాయి, చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా మాసీకి ఫర్సాణ్ పొట్లం, అంటే కారప్పూసలాంటి చిరుతిండి, తెచ్చేవాడు. ఆ నెలలో కరెంటు మీటరు పని మీద పైకొచ్చి, తలెత్తి చూసి, నోరు తెరిచాడు.

"భాభీ! ఇవి మన ఇంట్లోనే ఉన్నాయా?"

తర్వాతి ఆదివారం పాత సామాను కొనే వ్యాపారిని తీసుకొస్తానని కబురు పెట్టాడు. పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు ఇలాంటి చెక్కడాలు ఎగబడి కొంటున్నారట. వీటి చోట ఇనుప కమ్మీలు పెట్టిస్తే దూలాలకూ గట్టి అట. రంగుల గాజులు కూడా తీసేసి జరిపే కిటికీలు పెట్టిద్దామన్నాడు.

మాసీ ఆరోజు మధ్యాహ్నం మోటారు పెట్టలేదు. పైకొచ్చి మా పసుపు గోడ పక్కన కూర్చుంది.

"వద్దని చెప్పు మాసీ," అన్నాను.

"చెబితే కూర్చుని లెక్కలు చెబుతాడు. అతని లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి. నాకు జవాబు రాదు." తలెత్తి చిలకల వైపు చూసి, "మనం తోమకుండా ఉంటే గబ్బిలాల్లాగానే ఉండేవి," అంది.

ఆ మాటతోనే నాకు ఉపాయం తట్టింది. మళ్ళీ మసి పూయలేం. కానీ మసి కంటే ఘోరమైనవి చాలా ఉన్నాయి కదా.

మా బావ వినగానే ముందు కోప్పడ్డాడు. "గంత మంచి కర్రకు రంగేస్తవా? నీకు దిమాగ్ ఉన్నదా?"

"కడిగితే పోయే రంగు నీకు తెల్వదా? రోజూ బట్టల మీంచి రంగు పోతే మేనేజర్ తిడుతడంటవు కద?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. ఆ మొహం నాకు తెలుసు. ఎవరైనా కష్టమైన షేడు అడిగితే అలాగే పెడతాడు. ప్రింటింగ్‌లో రంగు చిక్కబడటానికి గోరుచిక్కుడు గింజల పిండి కలుపుతారు. ఆవిరి పట్టిస్తేనే ఆ రంగు బట్టకు నిలుస్తుంది, లేకపోతే నీళ్ళలో జారిపోతుంది. ఆ పిండిలో సుద్దపొడి దండిగా కలిపి, నూనె రాసిన కర్ర మీద పూస్తే లోపలికి ఇంకదని ఆయన లెక్క. శనివారం సాయంత్రానికి రెండు బకెట్లు తయారుచేశాడు. ఒకటి కళ్ళు జిగేల్మనే గులాబీ. రెండోది లారీ వెనక బొమ్మలకు వేసే ఆకుపచ్చ.

"నా సర్వీసుల ఇంత పాడు రంగు ఎన్నడు చెయ్యలే," అన్నాడు గర్వంగానే.

ముగ్గురం స్టూళ్ళెక్కి ఎనిమిది చిలకలకు గులాబీ పూశాం. ముక్కులకు ఆకుపచ్చ. మాసీ ఉత్సాహం పట్టలేక కనురెప్పలు కూడా దిద్దింది. తోమడానికి వారాలు పట్టింది. పాడుచేయడానికి రెండు గంటలు పట్టలేదు.

ఆదివారం పదకొండింటికి మరిది, వ్యాపారి వచ్చారు. వ్యాపారి సన్నగా, కళ్ళజోడుతో, బడిపంతులులా ఉన్నాడు. గుమ్మంలో అడుగుపెట్టి తలెత్తాడు. ఎవరో చెంపమీద కొట్టినట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇదేనా మీరు చెప్పింది?"

మరిది మాసీ వైపు తిరిగాడు. "భాభీ... పోయిన వారం ఇవి ఇలా లేవు. ఎవరు చేశారిది?"

మాసీ తడుముకోకుండా నా వైపు చెయ్యి చూపించింది. "ఈ తెలుగువాళ్ళకు రంగుల పిచ్చి బాబూ. నేను కింద పనిలో ఉన్నాను. చూసేసరికి అయిపోయింది."

ఇది ముందు అనుకున్నదే. అయినా నా మొహం వేడెక్కింది. ఆ గోడల రంగు, ఆ గాజుల వెలుగు, అన్నీ నేను ఏరికోరి కుదుర్చుకున్న ఇల్లది. ఆ ఇంట్లోనే, పెద్దమనుషుల ఎదుట, రంగుల గురించి ఓనమాలు తెలియని మొద్దులా నిలబడాలి. వ్యాపారి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు, జాలి. నేను పళ్ళికిలించి, "బాగుంది కదా సార్? రేపు తోకలకు నీలం వేస్తా," అన్నాను.

ఆయన స్టూలు అడిగాడు. అది మేము అనుకోలేదు. ఎక్కి, కళ్ళజోడు సర్దుకుని, వేలు నాలుకకు తడి చేసుకుని ఒక చిలక పొట్ట మీద రుద్దాడు. వేలు గులాబీగా వచ్చింది.

ఇంకోసారి తడిచేసి రుద్దితే టేకు బయటపడుతుంది. మాసీ వంటింటి వైపు చూసింది. మా బావ మాత్రం ఒక్క అడుగు ముందుకేశాడు.

"సార్, ముట్టకండి. పొద్దున్నే మూడో కోటు వేశాం. ఆయిల్ పెయింట్. ఇంకా పచ్చిగా ఉంది. కింద రెండు కోట్లు రాయిలా పట్టేశాయి. ఆ వేలు కిరోసిన్‌తో కడుక్కోండి, లేకపోతే వారం పోదు."

తన మిల్లులో ఎన్నో ఏళ్ళు రంగుల గురించి నిజమే చెప్పిన గొంతది. వ్యాపారి నమ్మేశాడు. దిగి, జేబురుమాలుతో వేలు తుడుచుకుంటూ మరిదితో నెమ్మదిగా అన్నాడు: దీన్ని గీకడానికి పోతే ఈకలు పోతాయి, మందుపెట్టి తీస్తే కర్ర రంగు పోతుంది, నాకు గిట్టుబాటు కాదు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. గాజుల వైపు ఒక్కసారైనా చూడలేదు. ఆ గులాబీ ముందు ఇంకేదీ కనిపించే అవకాశం లేదు.

మరిది గుమ్మంలో ఆగి, "వీళ్ళను ఖాళీ చేయించు భాభీ," అన్నాడు.

"పదకొండు నెలల అద్దె కాయితం రాసిచ్చాను," అంది మాసీ బాధగా.

అతను మెట్లు దిగి వీధి మలుపు తిరిగాక మాసీ నేల మీద కూర్చుండిపోయి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

మేము పదిరోజులు ఓపిక పట్టి కడగడం మొదలుపెట్టాం. రంగు తేలిగ్గానే జారింది. కానీ ఈకల సందుల్లో, నూనె సరిగా పట్టని చోట, గులాబీ ఉండిపోయింది. రుద్దినకొద్దీ లోపలికి పోయింది. మా బావ ముక్కు దగ్గరగా పెట్టి చూసి తల గోక్కున్నాడు. "నిలవాల్సిన చోట నిలవది, పోవాల్సిన చోట పోదు," అన్నాడు. రెండు చిలకల రెక్కలకు ఆ ఛాయ అలాగే మిగిలింది.

నాలుగు చిలకలు కడిగి అయిదోది కడుగుతుండగా మెట్ల తాడు కిర్రుమంది. మాసీ అనుకుని, "బకెట్టు మార్చాలి మాసీ," అన్నాను. వచ్చింది మరిది. చేతిలో ఫర్సాణ్ పొట్లం. బకెట్టులో గులాబీ నీళ్ళు. పైన సగం చిలకలు తేనె రంగులో, సగం గులాబీలో.

అతను బకెట్టులో వేలు ముంచి తీశాడు. "ఆయిల్ పెయింటా?" అన్నాడు.

"కాదు," అన్నాను. గుడ్డ బకెట్టులో వేసి స్టూలు దిగాను. అంతవరకూ అదంతా నాకు సరదాగానే ఉంది. అతని మొహం చూశాక మాత్రం సిగ్గేసింది. ఎదురింట్లో దూరి దొంగతనం చేస్తూ దొరికినట్టయింది.

మాసీ మెట్లెక్కి వచ్చింది. అతను ఆవిడ వైపు తిరిగాడు. "నాకు ఒక్క మాట చెబితే సరిపోయేది కదా భాభీ. ఆ మనిషి ముందు నన్ను వెర్రివాణ్ణి చేశారు."

"చెబితే నువ్వు లెక్క చెబుతావు. నాకు లెక్క అక్కర్లేదు. నాకు ఇవి ఇక్కడ ఉండాలి. అంతే. దానికి కారణం అడిగితే నా దగ్గర లేదు."

అతను పొట్లం కింద పెట్టాడు. స్టూలు మీద కూర్చుని పైకి చూశాడు, కిటికీ అద్దాల వైపు. "ఆ నలుపు పూసింది నేనే," అన్నాడు. "పన్నెండేళ్ళు నాకు. అన్నయ్య నిచ్చెన పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పూశానంటే ఇన్నేళ్ళు ఎవరూ గీకలేకపోయారు." అతనికి తెలియకుండానే అతని గొంతులో కొంచెం గొప్ప ధ్వనించింది. మాసీ టీ పెట్టింది. అతను తాగాడు. క్షమించానని అనలేదు, అమ్మనని కూడా అనలేదు. మళ్ళీ మాత్రం ఎవరినీ తీసుకురాలేదు.

ఆ వ్యాపారి వెనక వీధిలో ఒక ఇల్లు పట్టుకున్నాడు. అక్కడి కొయ్యలు, తలుపులు గోనెసంచుల్లో చుట్టి టెంపోలో ఎక్కిస్తుంటే మాసీ, నేను కూరగాయల సంచులు పట్టుకుని నిలబడి చూశాం. ఆవిడ ఇంటికొచ్చి ఆ రోజంతా మోటారు ఆపకుండా నడిపింది.

దీపావళికి మరిది భార్య వచ్చింది. అప్పటిదాకా ఆవిడ పాత ఇంటి మెట్లు ఎక్కి ఎరగదు. మా గోడ చూసి, వేలితో తాకి, వేలు చూసుకుని, మళ్ళీ తాకింది. తన ఫ్లాట్‌లో గోడలన్నీ ఆసుపత్రిలా ఉన్నాయని, ఇదే రంగు తన హాల్లో వేసి పెట్టమని అడిగింది. నేను, మా బావ మూడు ఆదివారాలు నది దాటి వెళ్ళి వేశాం. మరిది మొదటి ఆదివారం పేపరు చాటున కూర్చున్నాడు. రెండో ఆదివారం నిచ్చెన పట్టుకున్నాడు. మూడో ఆదివారం, గది మూలల్లో బ్రష్ ఎలా తిప్పాలో మా బావకే నేర్పబోయాడు. మా బావ తలూపి వింటూ నా వైపు చూసి కన్ను గీటాడు.

ఆ హాలు చూసి అదే బిల్డింగులో ఇంకో ఇద్దరు పిలిచారు. అలా నాకు ఒక పని అంటూ ఏర్పడింది. ఇద్దరిలో ఒకావిడకు మాత్రం తెలుపే కావాలట. మా బావకు అది అవమానంగా తోచింది. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో చూపిస్తానని, పాల తెలుపు, ముత్యం తెలుపు, మల్లె తెలుపు అంటూ తెల్లటి అట్టముక్కల మీద పన్నెండు రకాలు పూసి, వరసగా ఆవిడ సోఫా మీద పేర్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే వెలుతురులో పట్టి చూసింది. అరగంట తర్వాత ఒకటి ఎంచి ఆయన చేతిలో పెట్టింది. అది పొరపాటున వాటిలో కలిసిపోయిన, ఆయన ఇంకా రంగు వేయని అట్టముక్క.